మర్టీ కుడిచెయ్యి

నా పేరు హానోరా టూమీ. పుట్టింది ఐర్లండులో కెర్రీ జిల్లా. ఉంటున్నది ఫాల్ రివర్ ఊళ్ళో, బార్బరు గాన్యో షాపు మీది వాటాలో. వయసు అరవై ఏడని నేనంటాను, డెబ్బై అని జొహానా అంటుంది. కరువు రోజుల్లో ఓడెక్కి వచ్చినవాళ్ళం, పుట్టినరోజులు మూట కట్టుకు రాలేదు. ఇంట్లో ఉండేది నేనూ, నా పక్క మగ్గం మీద జన్మంతా నేసిన జొహానా ప్రెండర్విల్, ఒక పిల్లి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే గాన్యో రాస్తున్నాడు. మేజిస్ట్రేటు ముందు నా చేత ఇలాగే మొదలుపెట్టించారు. నేనెవరో ముందే తేల్చి చెప్పే ఆ పద్ధతి నాకు నచ్చి, నీకూ అలాగే చెప్పిస్తున్నాను. మేజిస్ట్రేటుతో నీకేం పని అంటావా? అక్కడికే వస్తాను, తొందరపెట్టకు.

చిరంజీవి మర్టీకి నాయనమ్మ దీవించి రాయించేది. పిల్లితో సహా మేమంతా కులాసా. నువ్వు ఒంట్లో కులాసాయేనని, మనసులో కాదని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ఆ ఉత్తరం బుధవారం వచ్చింది. కింద కుర్చీలో గిరాకీ గడ్డానికి సబ్బు పూసి, ఆ మనిషిని అలాగే వదిలేసి గాన్యో పైకొచ్చి చదివాడు. నీ చేత్తో నువ్వే చొక్కా కాలరు గుండీ పెట్టుకున్నానని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర ఆపమన్నాను. మళ్ళీ చదవమన్నాను. జొహానా కూడా కూర చట్టి దించి వచ్చి, "ఏదీ, ఆ గుండీ ముక్క ఇంకోసారి" అంది. కింద ఆ సబ్బు మనిషి, "నా మొహం ఎండిపోతోందయ్యా!" అని అరుస్తున్నాడు. ఎండనీ అన్నాను. ఎన్నాళ్ళకో ఆ పూట నాకు అన్నం రుచి తెలిసింది.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పి తరవాత నా సంగతికి వస్తాను. జొహానా మోకాలు తగ్గింది. తగ్గలేదని చెప్పమంటోంది, తగ్గిందంటే మెట్లు కడగమంటానని దాని భయం. నీ మంచం ఎవరికీ అద్దెకివ్వలేదు. కొత్తగా వచ్చిన నూలు గది మేస్త్రీ అడిగాడు, అది మా వాడి మంచం అన్నాను. సిగరెట్టు పెట్టెల్లో వచ్చే ఆటగాళ్ళ బొమ్మల్లో నీ బొమ్మ ఇంకా షాపులో అద్దం పక్కనే ఉంది. పేపర్లో నీ గురించి ఏం రాశారని అడిగావు. బేస్‌బాల్ జట్టు నిన్ను విడిచిపెట్టిందని ఒక ముక్క రాశారట, ఇక్కడెవరూ నవ్వలేదు. నవ్వితే గాన్యో చేతిలో కత్తి ఉంటుంది, వాళ్ళ మెడ దాని కింద ఉంటుంది. ఈ మాట తాను అనలేదని రాయమంటున్నాడు. అనలేదు, నేనే అన్నాను.

ఇక ఉత్తరం చివర నువ్వు రాసింది. "మా మేనేజరు స్ప్రేగ్ గారు కారణం చెప్పకుండా విడుదల కాగితం చేతిలో పెట్టారు. ఎందుకో తెలియక చచ్చిపోతున్నాను. ఏ మొహం పెట్టుకొని ఇంటికి రాను? సోమవారం వెళ్ళి మళ్ళీ తీసుకోమని బతిమాలుకుంటాను, చెయ్యి బాగైందని చెబుతాను" అని రాశావు. అందుకే ఈ ఉత్తరం శనివారం సాయంత్రం బండికే అందేలా రాయిస్తున్నాను. సోమవారం నువ్వు ఆ గుమ్మం ఎక్కడానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు.

నీ చెయ్యి సంగతి నాకు జులైలోనే తెలుసు. నీతోపాటు గదిలో ఉండే కుర్రాడు నీకు తల దువ్వుతున్నాడని, అచ్చం అమ్మలా పాపిడి తీస్తున్నాడని తమాషాగా రాశావు. చదువుతూ గాన్యో నవ్వాడు. నేను నవ్వలేదు. మీ తాత కూడా అలాగే మొదలుపెట్టాడు. మిల్లులో పత్తి బేళ్ళు మోసి మోసి భుజం పోతే, "ఇవాళ నువ్వు తినిపించవే, రాజునైపోతాను" అన్నాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ నేనే తినిపించాను. ఆయన మాత్రం మళ్ళీ తమాషా చెయ్యలేదు.

ఎముకలు సరిచేసే ముసలాయన దగ్గరికి వెళ్ళమని రాయిస్తే వెళ్ళావు. చలికాలం దాకా ఇక బంతి ముట్టకుండా ఉంటే చెయ్యి తిరిగొస్తుంది, ఇలాగే విసిరితే చెంచా కూడా ఎత్తలేవు అని ఆయన చెప్పాడు. నువ్వది కూడా రాసి, కింద "ముసలాళ్ళకి అన్నీ భయాలే" అని చేర్చావు. బంతి విసిరే రెండో పిచర్‌కి వేలు విరిగాక స్ప్రేగ్ నిన్నే రోజూ నిలబెడుతున్నాడని, గుర్రాల మందు రాసి, చేతికి ఇనప గుండు వేలాడదీసి నరం సాగదీయిస్తున్నాడని మిగతాదంతా పేపరు చూసి గాన్యో చెప్పాడు. గుర్రానికైనా ఆదివారం ఉంటుంది కదరా.

ఇప్పుడు అసలు మాట. ఆట చూడ్డానికి ఎప్పుడూ రానని నీకు మాటిచ్చాను. నేనొస్తే అరుస్తానని, నీ పరువు పోతుందని ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు తప్పాను. ఈ నెల మొదట్లో, ఆడవాళ్ళని టికెట్టు లేకుండా రానిచ్చే రోజున, నేనూ జొహానా రైలుబండెక్కి మీ జట్టు ఉండే ఊరు హార్డ్‌విక్ మిల్స్‌కి వచ్చాం.

ఎండలకి ఏట్లో నీళ్ళు తగ్గి మీ ఊరి మిల్లులు ఆగిపోయాయి గదా, మగ్గాల ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మీ బెంచీ వెనక వరసలు నిండిపోయాయి. కొందరు బుట్టల్లో అల్లిక పని తెచ్చుకున్నారు, ఒకామె చంటిదాన్ని తెచ్చుకుంది. మగవాళ్ళ వైపు నుంచి ఒకటే హోరు. పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినిపించదు. జొహానా నా వైపు తిరిగి పెదాలతోనే, "అచ్చం మన నేత గదిలా ఉందే" అంది. చుట్టూ ఆడవాళ్ళందరూ అలాగే మాట్లాడుకుంటున్నారు, గొంతు లేకుండా, ఒట్టి పెదాలతో. మగ్గాల హోరులో పనిచేసినవాళ్ళకి చెవులు పోతాయి, కళ్ళు చెవులవుతాయి. నీకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు వంటింట్లో నాకు వీపు తిప్పకుండా పెదాలతో తిట్టుకున్నప్పుడల్లా నాచేత చెవి మెలిపెట్టించుకునేవాడివి.

నిన్ను చూశాను. చిన్నప్పుడు మిల్లు గోడ మీద సుద్దతో గుండ్రం గీసి దానికేసి రాళ్ళు విసిరేవాడివి, బూట్లు అరిగిపోతాయని కొట్టేదాన్ని. ఇది కూడా అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదురా. బంతి వీపు వెనక దాచి, రెండడుగులు వేసి, ఒళ్ళంతా ఒక్క కొరడాలా ఊపి వదిలావు. బంతి సూటిగా వచ్చి వచ్చి, ఆ బ్యాటువాడి ముందు గుమ్మం దగ్గర మనసు మార్చుకున్నట్టు పక్కకి తిరిగింది. వాడు గాలిని కొట్టాడు. నేను లేచి నిలబడ్డాను. జొహానా నా పావడా పట్టుకు లాగి కూర్చోబెట్టింది. నీ ఆట నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ అది మంచి పని అని అర్థమైంది.

ఆ తరవాత ప్రతి బంతికీ నీ మొహం చూశాను. అయిదో ఇన్నింగ్సు అయ్యాక నువ్వు బెంచీ దగ్గరికొచ్చావు. చెయ్యి వేలాడుతోంది, నీది కానట్టు. స్ప్రేగ్ నీ వీపు తట్టి, "శభాష్, సింహంరా నువ్వు" అన్నాడు. నువ్వు నీళ్ళ బకెట్టు దగ్గరికి వెళ్ళావు, ఎడం చేత్తో గరిటె ముంచుకున్నావు. స్ప్రేగ్ మా వైపు తిరిగి, పక్కనున్న కెప్టెన్‌తో మాట్లాడాడు. ఆ హోరులో ఎవరు వింటారులే అనుకున్నాడు.

"వీడి చెయ్యి అయిపోయింది. సీజను ఆఖరుదాకా పిండుదాం" అన్నాడు.

"ఆ తరవాత?" అన్నాడు కెప్టెన్.

"తరవాత ఎవడికి కావాలి? మిల్లుల్లో ఇలాంటి కుర్రాళ్ళు బోలెడంత మంది."

"వాడికి తెలుసా?"

"తెలిస్తే విసురుతాడా?"

నేను జొహానా వైపు చూశాను. దాని మొహం సున్నం కొట్టినట్టుంది. నేను ఒక్కదాన్నే చూసుంటే ముసలి కళ్ళు, పొరపాటు పడ్డానేమో అనుకుందును. ముందు వరసలో ఎవరో ఒకామె, నాకు ముక్కూ మొహం తెలీదు, అల్లిక ఆపి వెనక్కి తిరిగి నన్ను చూసింది. "మీవాడా?" అంది పెదాలతో. "మావాడే" అన్నాను. "అయ్యో తల్లీ, తీసుకుపో ఇంటికి" అంది. ఆమె పక్కనామె తలూపింది. వరస వరసంతా చూశారు మర్టీ, ఆ మాటలు.

అప్పుడు నేను అరవలేదు. నీకిచ్చిన ఒట్టులో ఆ సగమైనా దక్కించుకున్నాను. ఆట అయ్యేదాకా కూర్చున్నాను, మీ జట్టు గెలిచింది, జనం నిన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. వాళ్ళు నీ కుడిచెయ్యి పట్టుకు లాగుతుంటే నువ్వు పళ్ళు బిగబట్టి నవ్వావు. బండిలో వస్తున్నంతసేపూ జొహానా జపమాల తిప్పింది. నేను ఆలోచించాను.

నీకు చెబితే? "ముసలాళ్ళకి అన్నీ భయాలే" అంటావు. నువ్వు మానేద్దామనుకున్నా స్ప్రేగ్ వదలడు. గాన్యో నాకు ఇదివరకే చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టాక నువ్వు ఆ క్లబ్బు మనిషివి, వాళ్ళు వదిలితే తప్ప ఇంకే క్లబ్బూ నిన్ను ముట్టుకోదు. ఎదురు తిరిగితే పేరు నల్లజాబితాలో పెడతారు. నువ్వు వాడి సంచిలో పిల్లివి. సంచి మూతి విప్పడానికి ఒకే తాడుంది, దాని కొస నా చేతిలో ఉంది.

పద్దెనిమిదేళ్ళప్పుడు నువ్వు స్ప్రేగ్ కాగితం మీద ఇరవయ్యొక్కేళ్ళని చెప్పి సంతకం పెట్టావు. నాకు చెప్పకుండా పెట్టావు. ఇరవయ్యొకటి నిండనివాడు పెట్టిన సంతకం, పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే చెల్లదు. నీకు అమ్మా నాన్నా లేరు, పెద్దదాన్ని నేను. వెళ్ళి మేజిస్ట్రేటు ముందు నిలబడి, నా పేరు, వయసు, ఇంట్లోవాళ్ళు, అన్నీ చెప్పి, మోర్టిమర్ టూమీ నా కొడుకు కొడుకు, వాడు పుట్టిన రాత్రి బొడ్డు కోసింది నేను, ఈ సెప్టెంబరు ఆఖరున మైకేల్ దేవదూత పండగనాటికి గానీ వాడికి ఇరవయ్యొకటి నిండదు, వాణ్ణి ఆ క్లబ్బుకి ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను అని చెప్పి, గుర్తు వేశాను.

ఆ కాగితం పట్టుకొని మంగళవారం మళ్ళీ మీ ఊరొచ్చాం. ఆ రోజు నువ్వు జట్టుతో పొరుగూరు వెళ్ళావు, అది గాన్యో పేపర్లో చూసి చెప్పాడు. స్ప్రేగ్ గది మైదానంలో జనం కూర్చునే ఆ చెక్క మెట్ల కిందే కదా. చుట్ట కంపూ, గుర్రాల మందు కంపూ.

"టూమీకి నాయనమ్మ ఉందా! చెప్పనేలేదే. కూర్చో అవ్వా" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదయ్యా. మావాణ్ణి వదిలెయ్."

కాగితం చూశాడు. మొహం కొంచెం మారింది. "వాడే చెప్పాడమ్మా ఇరవయ్యొకటని. నేను నమ్మాను."

"ఏం చూసి నమ్మావ్? గడ్డం చూసా? ఆ ఏడాది వాడి మొహాన ఉన్న నూగుకి పాలు రాస్తే పిల్లి నాకి శుభ్రం చేసేది."

వెనక జొహానా కిసుక్కుమంది. వాడు నవ్వలేదు. "కోర్టుకెక్కుతావా? ఎక్కు. అది తేలేసరికి మంచు పడుద్ది, మా సీజనూ అయిపోద్ది. అయినా ఎందుకు నీకీ గోల? నీ మనవడంటే నాకు ప్రాణం. నా సొంత బిడ్డలా చూసుకుంటన్నాను."

"సొంత బిడ్డని పిండుతావా?" అన్నాను.

"ఏంటి?"

"శనివారం అయిదో ఇన్నింగ్సు అయ్యాక నువ్వు కెప్టెన్‌తో అన్న మాటలు చెప్పనా?" అని, ఒక్క పలుకు పొల్లుపోకుండా చెప్పాను. వాడి మాటలూ, కెప్టెన్ మాటలూ. చివర "తెలిస్తే విసురుతాడా" అనేది కూడా.

వాడు తలుపు వైపు చూశాడు. "కెప్టెన్ వాగాడా నీ దగ్గర?"

"నువ్వే చెప్పావ్. నా మొహంలోకి చూస్తా చెప్పావ్. డబ్బుల్లేకుండా రానిచ్చావు గదయ్యా మమ్మల్ని! నీ వెనక కూర్చున్న ఆడదల్లా మగ్గం మీద బతికింది. నీ నోరు చదవడానికి మాకు బడి చదువెందుకు? వెళ్ళి ఈ ఊళ్ళో ఏ నేత గదిలోనైనా అడుగు, నీ మాట నీకే అప్పజెబుతారు. రేపు వాళ్ళ మొగుళ్ళు, తమ్ముళ్ళు మాకొద్దు నీ ఆట అంటే, ఖాళీ బల్లల ముందు ఆడించుకో."

జొహానా ముందుకొచ్చి, "పేపరువాడికి చెప్పమంటే నేనూ చెబుతాను. నాకు మోకాలొకటే పోయింది, కళ్ళు పోలేదు" అంది.

వాడు చుట్ట కొస కొరికి ఉమ్మాడు. తరవాత కలం తీశాడు. ఒట్టి విడుదల చాలదని, ఇంకే క్లబ్బూ నిన్ను తీసుకోవడానికి తమకి అభ్యంతరం లేదని, నీ పేరు మీద ఏ మచ్చా లేదని కూడా రాయించాను. ఆ ముక్క గాన్యో నాకు బండెక్కే ముందు నేర్పి పంపాడు. సంతకం పెట్టి, తల పక్కకి తిప్పుకొని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలీదు. ఏమన్నా ఫర్వాలేదు.

కాగితం వాడి చేతికి నువ్వే ఇవ్వు, కారణం వాడికి నేను చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు అన్నాను. అదొక్కటే నా తప్పు. చెప్పలేదు. నీ చేతిలో ఆ కాగితం పడి ఇన్ని రోజులైనా నోరు విప్పలేదు. మేజిస్ట్రేటుకి భయపడలేదు, స్ప్రేగ్‌కి భయపడలేదు, నీకు భయపడ్డాను. భుజాల మీద ఎత్తుకున్నప్పుడు నీ నవ్వు చూశాను గనక భయపడ్డాను. కాగితంలో రెండో ముక్క నువ్వు చదవనే లేదని నీ ఉత్తరం విన్నాకే తెలిసింది. "విడుదల" అన్న మాట దగ్గరే ఆగిపోయి ఏడ్చావు కాబోలు. తీసి చదువు. నిన్ను పనికిరాడని పారెయ్యలేదు. నిన్ను విడిపించుకున్నాను.

ఇదీ నా వాదన. నీ పనిని నేను తీసెయ్యలేదు, నీ పనిముట్టుని కాపాడాను. గాన్యో ఇక్కడ కలం ఆపి, "మదామ్, వాడికి కోపం రావచ్చు" అంటున్నాడు. రానీ. కోపం తెచ్చుకొని బల్ల మీద గుద్దితే గుద్దనీ, కుడిచేత్తో గుద్దితే ఇంకా సంతోషం. జొహానా అయితే, "వాడు రాకపోతే నేనే పోయి చెవి పట్టుకు తెస్తా" అంటోంది. మోకాలు తగ్గిందని దాని నోటితోనే ఒప్పుకుంది, సాక్ష్యం రాసుకో.

మంగళవారం బండికి రా. సంచి ఎడం చేత్తో పట్టుకో, లేదా ఎవడిచేతనైనా మోయించు. ఎండు చేప, బంగాళాదుంపలు ఉడికించి ఉంచుతాను. ఎముకల ముసలాయన చెప్పినట్టు చలికాలం దాకా ఆ చెయ్యి మెడకి కట్టు కట్టుకొని ఉండాలి. గాన్యో తన షాపులో కుర్చీ చూపించాడు, వచ్చేవాళ్ళకి ఆట కబుర్లు చెబుతూ కూర్చోమన్నాడు. సబ్బు మాత్రం పూయకు, ఆ కుంచె ఊపడం కూడా విసరడమే.

మైకేల్ దేవదూత పండగ దాటాక నీ సంతకం నీది. ఆ రోజు నుంచి నీకు నచ్చిన క్లబ్బుకి పో, కావాలంటే ఆ స్ప్రేగ్ దగ్గరికే పో, గుమ్మానికి అడ్డం నిలబడను. నీ ఆట మళ్ళీ చూడాలని నాకూ ఉంది, ఈసారి అరుస్తాను కూడా. అంతవరకు చట్టం ప్రకారం ఆ చెయ్యి నాది. దాన్ని జాగ్రత్తగా నా ఇంటికి తీసుకురా.

ఇట్లు,
నీ మేలు కోరే నాయనమ్మ

హానోరా టూమీ, ఆమె వేసిన గుర్తు: ✕

సాక్షులు:
ఒనెసీమ్ గాన్యో, బార్బరు. చెప్పింది చెప్పినట్టు రాశాను, తిట్లు కొన్ని వదిలాను.
జొహానా ప్రెండర్విల్, ఆమె వేసిన గుర్తు: ✕